వానపై మోపిన నేరము

మూడు వారముల క్రిందటి సంచికలో మేము అచ్చువేసిన ఒక వాక్యమును నేడు వెనుకకు తీసికొనుచున్నాము. బరంపురములో తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలోని ఇరువది మూడేండ్ల యువకుడొకడు మోటారు సైకిలుపై నుండి పడి మరణించిన వార్తను ప్రకటించుచు, "భారీ వర్షము కారణముగా" అని వ్రాసితిమి. అది అచ్చుతప్పు కాదు, బుద్ధితప్పు. ఆ వాక్యమును చదివి మన పాఠకులలో ఒక్కరైనను అభ్యంతరము చెప్పకపోవుట మమ్ము మఱింత కలతపెట్టినది.

జరిగినది ఇది. ఆ యింటివారి అనుమతితోనే వ్రాయుచున్నాము. మధ్యాహ్నము నుండి ఎడతెగని వాన. సాయంకాలపు రైలుకు పెదనాన్నగారు దిగుచున్నారు. ఇంటికిని స్టేషనుకును నడుమ దూరము మూడు కిలోమీటర్లకు మించదు. స్టేషను వాకిట ఆటోలు వరుసగా నిలిచియే యుండును. అయినను పెద్దవారిని ఆటోలో రమ్మనుట మర్యాద కాదని కుఱ్ఱవాడు బండి తీసినాడు. హెల్మెట్టు గోడమేకునకే వ్రేలాడుచుండెను. వానలో దాని అద్దము మసకబారునని అతడు పెట్టుకొనెడివాడు కాడు. వెనుక చక్రపు టైరు అరిగి నున్నబడి రెండు నెలలైనది, దీపావళికి మార్చుదమనుకొనిరి. దారిలో జేబులోని ఫోను రెండుమారులు మ్రోగినది. "ఎంతవరకు వచ్చావురా?" అని అడుగుటకే ఆ పిలుపు. మలుపు దాటగానే, నడచువారికై రోడ్డుకు అడ్డముగా పూసిన తెల్లచారలమీద ఆవొకటి నిలిచియుండగా, అతడు బ్రేకు గట్టిగా నొక్కినాడు. తరువాతి సంగతి పాఠకులెఱుగుదురు.

ఈ మరణములో వాన చేసిన పని యేమి? రోడ్డును తడిపినది. అంతకు మించి ఏమియు చేయలేదు. మిగిలినవన్నియు మన చేతులు చేసినవే. అరిగిన టైరు మనది, మేకునకు వ్రేలాడిన హెల్మెట్టు మనది, ఆగక మ్రోగిన ఫోను మనది. పరామర్శకు వెళ్ళినపుడు అరుగుమీద కూర్చున్న పెద్దలు "వాన పొట్టను పెట్టుకొన్నది" అనిరి. "వాని నుదుట అంతే వ్రాసియున్నది" అని మఱొకరనిరి. మేమును తలయూపి వచ్చితిమి. వచ్చి అదే అచ్చువేసితిమి. దుఃఖములో నున్నవారి యెదుట వాదము పెట్టుకొనరాదు, నిజమే. కాని మూడు వారములు గడచినవి. బంగాళాఖాతములో మరల అల్పపీడనమని కబురు వచ్చినది. ఇప్పుడైనను నోరు మెదపకున్నచో, మఱొక యింటి అరుగుమీద కూర్చుండి మరల ఆ మాటలే చెప్పవలసి వచ్చును.

గాలివానల సంగతి మన ఊరివారికి తెలియదని ఎవ్వరును అనలేరు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను మన ముంగిట, గోపాల్‌పూర్ దగ్గరనే తీరము దాటినది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస వైపున దాటి గంజాం, గజపతి జిల్లాలను ముంచెత్తినది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్టణమునకు ఉత్తరమున దాటినది. ఆ మూడు దినములలోను మనవారెంత బుద్ధిమంతులైరి! కొవ్వొత్తులు కొనిరి, బిందెలు నింపుకొనిరి, బండ్లను లోపల పెట్టి తలుపులు బిగించిరి. ఆ రాత్రులలో బండిమీద బయలుదేరుదునన్న కుఱ్ఱవానిని తల్లి చెయ్యిపట్టి లాగెడిది. ఆ జాగ్రత్త మామూలు వానలో ఏమగుచున్నది? తుపానుకు పేరున్నది, వానకు పేరు లేదు. పేరున్నదానికి తలుపు మూయుదుము. పేరులేనిదానికి తాళపుచెవి చేతబట్టుదుము. శ్రావణమాసపు ముసురు, కార్తిక మాసములో ఒకపూట ఊడిపడు జడివాన, ఇవి మన దృష్టిలో వానలే కావు. బండి చక్రమునకు ఈ తారతమ్యము తెలియదు.

ఇంకొక వింత కలదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైన నాటినుండి గంజాములోని మనము ఆ రాష్ట్రపు ప్రజలమే. బడి, కోర్టు, రేషను కార్డు, ఓటు అన్నియు ఇటువైపువే. వాన కబురు మాత్రము ఇంకను అటువైపునుండియే వినుచున్నాము! సాయంకాలము తెలుగు చానలులో "ఉత్తర కోస్తాకు వర్షసూచన" అన్నచో గొడుగు వెదకుదుము. ఆ మాట వినబడకున్నచో వాన లేదని నిశ్చయించుకొందుము. అయ్యా, ఉత్తర కోస్తా ఇచ్ఛాపురముతో ముగిసినది. గంజాం జిల్లాకు హెచ్చరిక వెలువరించునది విశాఖపట్టణము కాదు, భువనేశ్వరములోని వాతావరణ కేంద్రము. పసుపు, నారింజ, ఎరుపు రంగులతో ఏ జిల్లాకు ఎంత అపాయమో ఆ కేంద్రము దినదినమును తెలుపుచున్నది. పిడుగులు, జడివానలు రానున్నప్పుడు మూడు గంటల ముందు సూచనయు ఇచ్చుచున్నది. మన పెద్దలలో ఒడియా మాటలాడలేనివారు అరుదు, చదువలేనివారు మాత్రము పెక్కుమంది. చదువగల పిల్లలు ఇంటింటను కలరు. వారికి ఒడియా నేర్పించినది దరఖాస్తులు నింపించుటకేనా? ఉదయము కాఫీవేళ ఆ హెచ్చరికను చదివి తాతకు తెలుగులో చెప్పుమని ఒక్కరైన నడిగిరా?

ఈ పొరపాటు మన యొక్క ఊరిదే కాదు. చెన్నపట్టణములోని మనవారు ఆంధ్రదేశపు వార్తలలో ఋతుపవనములు తిరుగుముఖము పట్టినవని విని గొడుగులు దాచుకొందురు. తమిళనాడుకు సంవత్సరపు వానలో దాదాపు సగము ఆ పిమ్మటనే, అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనములతో కురియును. యానాము వారి సంగతి ఇందుకు తలక్రిందులు. వారి పరిపాలన దూరాన నున్న పుదుచ్చేరిది, వాన మాత్రము గోదావరి తీరముది. వాతావరణశాఖవారు కూడ "కోస్తా ఆంధ్ర, యానాం" అని ఒకే విభాగముగా చూతురు. కావున తెలుగు కబురు వారికి సరిపోవును, మనకు సరిపోదు.

ఇక బండి సంగతి. మోటారు సైకిలు నేలను తాకునది రెండే చోట్ల. ఒక్కొక్క చోటు అరచేయంత. బండి బరువు, ఇద్దరు మనుష్యుల బరువు, వేగము, మలుపు, బ్రేకు, అన్నిటిని ఆ రెండు అరచేతులే భరింపవలెను. టైరుమీది గాడులు అలంకారమునకు చెక్కినవి కావు. క్రిందనున్న నీటిని ప్రక్కలకు త్రోసి రబ్బరును నేలకు తాకించుటకు. గాడులరిగిన టైరు పొడిరోడ్డుపై ఏ లోపమును చూపదు, అందుకే మనవారు మోసపోవుదురు. తడిలో ఆ టైరు నేలను విడిచి నీటిమీద నడచును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు సాగిపోవును. అనగా ఆవును చూచి బ్రేకు మీదికి చేయిపోవు లోపలనే 17 మీటర్లు గడచిపోయినవి. ఆపైన ఆగుటకు పొడిరోడ్డుపై మంచి టైర్లతో 20 మీటర్లు పట్టిన, తడిరోడ్డుపై 30 మీటర్లకు పైబడును. వేగమును సగము చేసినచో ఆ ఆగు దూరము సగము కాదు, నాలుగవ వంతగును. వానలో నిదానముగా పొమ్మని పెద్దలనుట చాదస్తమని నవ్వు యువకులు ఈ ఒక్క లెక్కను కాగితముమీద వేసి చూడవలెను.

"మా బండి క్రొత్తది, చక్రము బిగిసిపోని బ్రేకులున్నవి" అని కొందరు చెప్పుదురు. 125 సీసీ దాటిన బండ్లన్నిటికి 2019 ఏప్రిల్ నుండి ఏబీఎస్ తప్పనిసరి చేసిన మాట నిజము. మంచి పని. కాని ఆ యంత్రము చక్రము బిగిసిపోకుండ కాపాడగలదే గాని, అరిగిన టైరుకు లేని పట్టును పుట్టించలేదు.

తెల్లచారల రంగు, మురుగుకాలువల ఇనుపమూతలు, వంతెనలమీది ఇనుపబద్దలు, రైలుపట్టాలు, ఇవి తడిసినప్పుడు నూనె పూసినట్లుండును. వాటిని నిటారుగా దాటవలెను. వాటిమీద బ్రేకు పట్టరాదు, బండిని ఒరగనీయరాదు. వేగము తగ్గించుట మలుపునకు ముందే, ముందు బ్రేకు, వెనుక బ్రేకు రెండును కలిపి మెల్లగా. వెనుక బ్రేకు ఒక్కటే త్రొక్కుట మనవారి చిరకాలపు అలవాటు. ముందు బ్రేకు పట్టినచో తలక్రిందులగుదుమని ఎవరో చెప్పిన మాట తాతలనాటి నుండి చెలామణి యగుచున్నది. మెల్లగా పట్టినచో బండిని ఆపునది ప్రధానముగా ముందు బ్రేకే. అన్నిటికంటె మోసకరమైనది మొదటి వాన. నెలల తరబడి రోడ్డుపై పేరుకొన్న నూనె, ధూళి మొదటి అరగంటలో నీటితో కలిసి జిడ్డువలె పైకి తేలును. వానలు తక్కువైన సోలాపురము వంటి చోట్ల నున్న మనవారు ఈ మాటను మనకంటె శ్రద్ధగా వినవలెను. బళ్ళారి ప్రాంతమువారికి ట్రాక్టరు చక్రములు రోడ్డెక్కించిన నల్లరేగడి బురద తెలియనిది కాదు.

మసకబారు అద్దమును గూర్చి ఒక్క మాట. అద్దమును ఒక వ్రేలెడు పైకెత్తి గాలి ఆడనిచ్చిన మసక విడిచిపోవును. మసకబారెనని హెల్మెట్టునే మేకునకు తగిలించుట, కళ్ళజోడుకు మరక పడినదని కళ్ళనే తీసి ఇంట పెట్టుటవంటిది. నల్లని అద్దము మాత్రము రాత్రివేళ పనికిరాదు. వానకోటు కొనునపుడు మనవారందరును నలుపో ముదురు నీలమో ఏరుకొందురేమో తెలియదు. చీకటివానలో వెనుకనుండి వచ్చు లారీవానికి ఆ మనిషి అసలు కానరాడు. పసుపుపచ్చ కోటు తొడిగిన నవ్వుదురట! నవ్వనిండు.

ఈ వ్యాసము వ్రాయుచున్నామని తెలిసి మిత్రుడొకరు ఒక ప్రశ్న వేసిరి: "ప్రమాదములు ఎక్కువగా జరుగునది ఎండలోనే కదా, వానమీద ఈ రచ్చ యెందుకు?" న్యాయమైన ప్రశ్నయే. కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వశాఖ లెక్కలలో నాలుగింట మూడు వంతులకు దగ్గరగా ప్రమాదములు తేటగానున్న దినములలోనే జరిగినట్లున్నది. దీనివలన తేలునదేమి? వాన హంతకి కాదనియే. సంవత్సరములో ఎక్కువ దినములు పొడిదినములే. ఆ దినములలో చేయు అజాగ్రత్తలనే మనము వానలోనికి యథాతథముగా తీసికొని పోవుచున్నాము. పొడిరోడ్డు కొన్నిటిని క్షమించును, తడిరోడ్డు క్షమించదు. అదే శాఖ లెక్కల ప్రకారము 2022లో దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించిన 1,68,491 మందిలో 74,897 మంది ద్విచక్ర వాహనములవారు. హెల్మెట్టు లేక మరణించినవారు 50,029 మంది. వారిలో బండి నడిపినవారు 35,692, వెనుక కూర్చున్నవారు 14,337.

ఆ చివరి అంకెను మన యింటి ఆడవారు, వారిని కూర్చుండబెట్టుకొని పోవు మగవారు మరల ఒకసారి చదువవలెను. జరిమానా భయమున కుమారుడు హెల్మెట్టు పెట్టుకొనును. వెనుక తల్లి తలమీద పూలదండ మాత్రముండును. చట్టము నాలుగేండ్లు దాటిన ప్రతి తలకును హెల్మెట్టు ఉండవలెననుచున్నది. తొమ్మిది నెలలు మొదలు నాలుగేండ్ల లోపు పిల్లలకు హెల్మెట్టు, నడుపువానితో కలిపి కట్టు పట్టీ ఉండవలెనని, వేగము 40 కిలోమీటర్లు మించరాదని నియమము చేసి 2023 ఫిబ్రవరి నుండి అమలుకు తెచ్చిరి. మన పెండ్లిండ్ల ముందు నిలిచి చూడుడు. చీరకట్టుతో ఒకవైపునకు కాళ్ళువేసి కూర్చున్న అక్కగారు, ఒడిలో చంటిబిడ్డ, వాన పడుచున్నది గనుక ఒక చేత తెరచిన గొడుగు! ఆ గొడుగు గాలికి తిరుగబడిన క్షణమున ఆమెకు పట్టుకొనుటకు చేయేది? బిడ్డ ఏమగును? వెనుక చక్రమునకు సగమైన కప్పు, పట్టుకొనుటకు పిడి, కాలు మోపుటకు మెట్టు ఉండవలెనని నిబంధన కలదు. బండి సొగసు చెడునని వాటిని విప్పించి మూలపడవేయు మహానుభావులు మన వీధులలోనే కలరు. చుట్టములకు వడ్డించుటలో ఇంత శ్రద్ధ గల జాతి, వారిని ఇంటికి చేర్చుటలో ఇంత నిర్లక్ష్యము చూపుట మాకు అర్థము కాదు.

పొట్టకూటికి పోవువారి మాట వేరు. వాన యని కూర్చున్న పూట గడవనివారు మనలో ఎందరో కలరు. వారికి ఇంట కూర్చుండుమని బోధించు అధికారము మాకు లేదు. కాని వారిని పనిలో పెట్టుకొన్న దుకాణదారులు ఈ పత్రిక చదువుచున్నారు. పది నిమిషములు ఆలస్యమైనచో సగము పూట జీతము కోయు యజమానులు మన సంఘములో సభ్యులుగానే యున్నారు. పేర్లు వ్రాయము, వారికే తెలియును. "వాన వెలిసిన పిమ్మట రా, జీతము కోయను" అని ముందురోజే ఒక్క మాట చెప్పుటకు ఖర్చేమి? ఇక ఇంట కూర్చుండి "వాన పడుచున్నది, వేడివేడిగా పకోడీలు తెప్పింతము" అని ఫోనుపై నొక్కువారును, ఆ కుఱ్ఱవాడు ఐదు నిమిషములు ఆలస్యముగా తడిసి వచ్చిన మొగము చిట్లించువారును మనవారే. ఆ కుఱ్ఱవాడును ఒక యింటి బిడ్డయే.

రోడ్లు బాగులేవా? బాగులేవు. గుంతల వలన 2022లో దేశమున 1,856 మంది మరణించినట్లు అదే శాఖ లెక్క. గుంతలు పూడ్చవలసినవారిని విడిచిపెట్టుమని మేమనము. నీరు నిలిచిన చోట్లను, మూతలేని కాలువలను సభ్యులు ఫొటోతో సహా మాకు పంపినచో, ఒడియాలో అర్జీ వ్రాసి ఇచ్చు బాధ్యత సంఘము వహించును. కాని అర్జీకి జవాబు వచ్చు వరకు వాన ఆగదు. నీటిక్రింద కాలువ నోరు తెరచుకొని యున్నదో లేదో పైనుండి కనబడదు గనుక, నిలిచిన నీటిలో బండి దింపవలదు. తప్పనిసరియై దిగి దాటినచో, గట్టెక్కిన పిమ్మట నెమ్మదిగా పోవుచు బ్రేకులను కొన్నిమారులు తేలికగా నొక్కి తడి ఆర్చుకొనవలెను. పిడుగుల వానలో చెట్టుక్రింద నిలువవలదు.

అన్నిటికంటె కష్టమైన మాట చివరకు మిగిలినది. పోయిన ఆదివారము ఆ పెదనాన్నగారే మా కార్యాలయమునకు వచ్చిరి. చేతిలో మా పాత సంచిక. "వర్షము కారణముగా" అన్న చోట పెన్నుతో గీత గీసియున్నది. "నేను ఆటో ఎక్కి ఉంటే సరిపోయేది బాబూ. వాడు రాకుంటే చిన్నబుచ్చుకుంటానని వాడికి తెలుసు. అది రాయండి," అనిరి. మేము వారిని నిందింపము. మనలో ఆ స్థానమున నున్న పెద్ద ఎవరు చిన్నబుచ్చుకొనరు? స్టేషనుకు ఎవ్వరును రాలేదని, పెండ్లికి పిలువవచ్చినవాడు వాన సాకుతో ఫోనుననే పిలిచెనని, తద్దినమునకు వేళకు చేరలేదని ఏండ్ల తరబడి గుర్తుపెట్టుకొనువారము కాదా మనము? పరాయి రాష్ట్రమున నలుగురము కలిసి మెలసి యుండుటకు ఈ రాకపోకల మర్యాదలే ఆధారమని మేమే ఈ పుటలలో ఎన్నోమారులు వ్రాసితిమి. ఆ మర్యాదకు వానలో సెలవు ఉండవలెనని మాత్రము వ్రాయలేదు. ఆ సెలవును చిన్నవారు తీసికొనలేరు, పెద్దవారే ఈయవలెను. "నువ్వు బయలుదేరకు, నేనే ఆటోలో వస్తాను" అను మాట రైలు దిగకముందే ఫోనులో పెద్దవారి నోట రావలెను. బయలుదేరినవానికి దారిలో ఫోను చేయరాదు.

సంఘము కార్యవర్గము ఈ విషయమున తీసికొనిన నిర్ణయములను ఇచట ప్రకటించుచున్నాము. సభ జరుగు దినమున ఉదయము 8 గంటలకు భువనేశ్వర కేంద్రపు హెచ్చరికలో గంజాం జిల్లాకు నారింజ రంగు గాని ఎరుపు రంగు గాని యున్నచో, సభ తరువాతి ఆదివారమునకు వాయిదా పడును. ఆ సంగతి తెలుగులోను ఒడియాలోను సంఘభవనము తలుపుమీద అంటింపబడును, ఫోనుద్వారా తెలుపబడును. వాన వలన ఆలస్యముగా వచ్చిన సభ్యులను కారణ మడుగుట ఉండదు. ప్రమాదవార్తలు ప్రకటించునపుడు, హెల్మెట్టు ఉన్నదా, టైర్లు ఎట్లున్నవి, ఏ పనిమీద బయలుదేరిరి అను మూడు విషయములను ఇంటివారి అనుమతితో విచారించి వ్రాయుదుము. వచ్చే ఆదివారము సాయంకాలము 4 గంటలకు భవనము ముంగిట, మెకానికు పనిచేయు మన సభ్యులిద్దరు టైర్లను, బ్రేకులను ఉచితముగా పరీక్షించి చూపుదురు. ఆ దినమున వాన వచ్చినచో బండ్లు తీసికొని రావలదు.